21 ఏళ్ల కువైట్ తర్వాత ఊరొచ్చాను. ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తోంది?

భాకరాపేట డ్రైవర్ · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఈ ఫోరంలో మీ పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. కువైట్‌లో మా మామా (ఇంటి యజమానురాలిని అక్కడ అట్లే అంటాం) షాపింగ్ ముగించుకుని వచ్చేదాకా పార్కింగ్‌లో కూర్చుని మీ గొడవలన్నీ చదివేవాణ్ణి. పోయిన అక్టోబర్‌లో అకామా (అక్కడ ఉండే పర్మిట్) క్యాన్సిల్ చేయించుకుని వచ్చేశాను. ఇక మళ్లీ పోయేది లేదు.

2004లో పోయినప్పుడు నాకు 26 ఏళ్లు. ఖాదిం వీసా (ఇంటి పనివాళ్ల వీసా), ఇంటి డ్రైవర్ పని, నెలకు 50 దినార్లు. మధ్యలో రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చి రెండు నెలలు ఉండి పోయేవాణ్ణి. ఆ రెండు నెలలూ పెళ్లిళ్లు, తిరునాళ్లు, కొండకు పోయి గుండు, బంధువుల ఇళ్లు. చుట్టపుచూపుగా వచ్చినవాడికి అందరూ కోడికూరే పెడతారు, పప్పుచారు కనపడదు. ఇప్పుడు మూడు నెలలుగా ఇక్కడే ఉంటే పప్పుచారు కనపడుతోంది.

ముందు అంకణం లెక్క చెప్తాను, దానికే నాకు నిద్ర పట్టడం లేదు. 2004లో దినారుకు 150 పైచిలుకు వచ్చేది. నా జీతం రూపాయల్లో ఏడున్నర వేలు. మా బావ తిరుపతి దగ్గర తుమ్మలగుంట పక్కన స్థలం చూసి అంకణం రెండున్నర వేలు చెప్తున్నారన్నాడు. (బయటి ఊర్లవాళ్లకు: మా దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరోళ్ల అంకణం దీనికి రెండింతలు.) అంటే నెల జీతానికి మూడు అంకణాలు. 'రెండేళ్లు ఆగి ఒకేసారి కొందాంలే బావా' అన్నాను. వచ్చేసే ముందు నా జీతం 170 దినార్లు, దినారు 280 దాటింది, నెలకు దగ్గర దగ్గర 48 వేలు. అదే వీధిలో పోయిన వారం అడిగితే బ్రోకరు అంకణం 60 వేలు అన్నాడు, అదీ మూల స్థలం కాదంట. నెలంతా బండి తోలినా ఒక్క అంకణం రాదు. రూపాయి పడిందని అక్కడ మేం ఒకరికొకరు టీ ఇప్పించుకునేవాళ్లం. ఆ టీలు ఎన్ని తాగానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది.

మద్రాసు ఎయిర్‌పోర్టు నుంచి నాగలాపురం, పుత్తూరు మీదుగా కారులో వచ్చాం. పోయేటప్పుడు ఆ దారిలో చెరుకు తోటలు, బెల్లం వండే పొగ. ఇప్పుడు ఎక్కడ చూసినా రంగులేసిన హద్దురాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు, వెంచర్ బోర్డులు. గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఉంది.

ఊర్లో ఇంకో వింత. నేను దిగింది చెనక్కాయ (వేరుశనగ) పీకే కాలం. మా నాయన నాలుగెకరాలు వేసేవాడు, ఈ నెలల్లో ఊరంతా పచ్చి చెనక్కాయ వాసన వచ్చేది. ఇప్పుడు మా చుట్టుపక్కల ఒక్క కయ్య కూడా లేదు. ఎందుకంటే ఒకరు వాన అంటారు, ఒకరు కూలీలు అంటారు, ఇంకొకరు అడవి పందులు, ఏనుగులు అంటారు. పొలాలైతే మామిడి తోపులు, లేకుంటే కంప. అయినా పస్తున్న ఇల్లు లేదు. ప్రతి ఇంటి ముందూ బండి. బస్టాండు దగ్గర పూలమ్మే ముసలామె పక్కన స్పీకరు పెట్టె 'ఇరవై రూపాయలు వచ్చాయి' అని అరుస్తోంది. చిన్నప్పుడు సంగటి తిన్నామని స్కూల్లో చెప్పడానికి నామోషీ పడ్డాం, తిరుపతిలో ఇప్పుడు రాగిసంగటి, నాటుకోడి అని నిలువెత్తు బోర్డులు. బిల్లు చూసి దినార్లలోకి మార్చుకున్నాను. అలవాటు పోలేదు.

నా ప్రశ్న ఇది. పంట లేదు, మా మండలంలో ఫ్యాక్టరీ లేదు. మరి ఈ డబ్బు ఎక్కడిది? నా అంచనా కువైట్ డబ్బే. మా పల్లెలో ముప్పై ఇళ్లుంటే పద్దెనిమిది ఇళ్లవాళ్లు అక్కడున్నారు. మేం పంపకపోతే ఈ ఊరు ఏమయ్యేదో. మీరేమంటారు?


అలిపిరి మెట్టు · ఆదివారం రాత్రి 9:48

అన్నా, స్వాగతం. మీ పల్లె సంగతి నాకు తెలియదు, తిరుపతి సంగతి చెప్తాను. మాకు కొండే గని. పన్నెండేళ్లుగా ట్రావెల్స్ బండ్లు తిప్పుతున్నాను. 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో వదిలిన రోజు మా ఫోన్లు మోగుతాయి, రెండు మూడు నెలల తర్వాత ఏ వారం గిరాకీ ఉంటుందో ఆ రోజే తెలిసిపోతుంది. ఆ లెక్క చూసే బండి కిస్తీ కడతాను.

ఒక్క కాలు మీద నిలబడ్డ ఊరు ఎట్లుంటుందో 2020లో చూశాం. మార్చి 20న దర్శనం ఆపారు, మళ్లీ మొదలైంది జూన్ 8న. ఎనభై రోజులు. హుండీకి ఏటా వెయ్యి కోట్లు పైన వస్తుందని అందరూ చెప్పుకుంటారు, ఆ ఎనభై రోజులు లాడ్జి బాయ్‌లు, ఆటోలవాళ్లు, గాజులమ్మేవాళ్లు ఏం తిన్నారో ఎవరూ చెప్పుకోరు. నాకున్న మూడు బండ్లలో రెండు అమ్మాను.

శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ చూశారా? తిరుచానూరు రోడ్డు నుంచి కపిలతీర్థం దాకా పైపైనే పోవచ్చు, 2023లో తెరిచారు. భక్తులకు సుఖం, నాకూ డీజిల్ మిగులుతుంది. కింద మా చిన్నాన్న టీ కొట్టు ఉండేది. బండ్లు ఊర్లోకి దిగితేనే కదా టీ తాగేది. ఆయన ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. అంకణం 60 వేలు చేసింది ఎవరనుకున్నారు? కువైట్‌వాళ్లు, అమెరికావాళ్లు, బెంగళూరువాళ్లు కొని రాళ్లు పాతి పోయారు. ఇక్కడే పుట్టి పెరిగి నేను బాడుగింట్లో ఉన్నాను.


తడ బస్సు · ఆదివారం రాత్రి 10:20

మాది శ్రీకాళహస్తి పక్కన పల్లె. తడ దగ్గర శ్రీసిటీ పారిశ్రామికవాడలో చేస్తున్నాను, పొద్దున 5 గంటలకే కంపెనీ బస్సు. 2008లో మొదలైనప్పుడు మా నాన్నవాళ్లు 'మెట్ట నేలల్లో ఏం కట్టేది' అని నవ్వారంట. ఇప్పుడు అక్కడ ఇసుజు బండ్లు, క్యాడ్‌బరీ చాక్లెట్లు, ఏసీలు, మెట్రో రైలు పెట్టెలు అన్నీ తయారవుతాయి. మా ఊరి నుంచే నలభై మందిమి పోతాం, సగం పైన ఆడపిల్లలమే.

అన్నా, పొగడ్తలు మాత్రమే రాస్తే అబద్ధం అవుతుంది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏ కంపెనీ అన్నది వద్దులెండి. పీఎఫ్ పోను చేతికి 15 వేలు, ఓటీ ఉంటే ఇంకొంచెం. మూడేళ్లుగా పర్మనెంట్ చేస్తామంటూనే ఉన్నారు. కానీ మా అమ్మ నా వయసులో ఎండలో కలుపు తీసేది. నేను నా డబ్బుతో స్కూటీ కొన్నాను, పెళ్లి రెండేళ్లు వాయిదా వేయించుకున్నాను. మా ఇంట్లో ఇంతకు ముందు ఏ ఆడపిల్ల కూడా 'ఇప్పుడు వద్దు' అనలేదు.


పాల క్యాను · సోమవారం ఉదయం 5:35

డ్రైవరన్నా, మీ పోస్టు ఇప్పుడే చదివాను, పాలు పోసి వచ్చి. ఊరికి పంట లేదు, ఫ్యాక్టరీ లేదు అని రాశారు. పొద్దున నాలుగున్నరకు లేచి మీ ఊరి పాల సెంటర్ దగ్గర ఒకసారి నిలబడండి, ఫ్యాక్టరీ కనపడుతుంది.

మాది పుంగనూరు వైపు. మా ఆయన కూడా తొమ్మిదేళ్లు కువైట్‌లో ఉన్నాడు, అందుకే ధైర్యంగా రాస్తున్నాను. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడినప్పుడు మా అత్త ఏడ్చింది. తర్వాత ప్రైవేటు డెయిరీలు ఊరూరా సెంటర్లు పెట్టాయి. రేటు వెన్నను, పాలలో మిగతా గట్టి పదార్థాన్ని, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్‌ను బట్టి. మిషన్ ఏం చూపిస్తే అదే, మనం వాదించేది లేదు. నాకు రెండు జెర్సీలు, రెండు పూటలా కలిపి 18 లీటర్లు. లీటరుకు 34 పడుతోంది. దాణా, గడ్డి, డాక్టరు సూదులు పోను సగం మిగిలితే గొప్ప. ఆవు ఒట్టిపోతే అదీ లేదు. అయినా పది రోజులకు ఒకసారి బిల్లు ఠంచనుగా పడుతుంది. చెనక్కాయ ఏడాదికి ఒకసారి డబ్బిచ్చేది, వాన వస్తే. పల్లె ఆడవాళ్లు చెనక్కాయ వదిలేసింది పందులకు భయపడి మాత్రమే కాదు.

మీరు పంపిన దినార్లతో ఇల్లు నడిచిందని అనుకుంటున్నారు కదా, ఒక్కసారి మీ ఆవిడను అడిగి చూడండి.


దామలచెరువు తోపు · సోమవారం ఉదయం 7:15

మామిడి తోపులు అని ఒక్క మాటలో తేల్చేశారు. తోతాపురి వేసినవాడి బాధ వినండి. 2025 సీజన్‌లో కిలో 12 రూపాయలు రావాలని ప్రభుత్వం చెప్పింది, ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది. మేం కాయ కోసి ట్రాక్టర్‌లో వేసుకుని పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు మూడు రోజులు వరసలో ఉన్నాం. కాయ అంతసేపు ఆగుతుందా? అడుగున ఉన్నది రసం కారిపోయింది. లోపలికి పోయాక 8 ఇచ్చే మాట అంత నమ్మకంగా ఎవరూ చెప్పలేదు. చివరికి ఎంత పడిందో రాస్తే మా ఇంటివాళ్లు కూడా ఇది చదువుతారు, వదిలేయండి.

చిత్తూరు జిల్లా అంతా ఒకే కాయ వేసింది. పల్ప్‌కు విదేశాల ఆర్డర్లు తగ్గితే ఇక్కడ రోడ్డు పక్కన కాయ పారబోస్తారు. తిరుపతికి కొండ ఒక్కటే కాలు అన్నాడు పై తమ్ముడు, మాకు తోతాపురి ఒక్కటే కాలు. పాల క్యాను అక్క చెప్పింది మాత్రం నిజం. ఈ ఏడాది మా ఇంట్లోనూ కాఫీ నుంచి కరెంటు బిల్లు దాకా ఆవే కట్టింది.


కొత్తపేట కుర్రోడు · సోమవారం ఉదయం 9:02

ఇంత చర్చ అవసరం లేదు. డబ్బు ఎక్కడిదంటే పథకాలు. అందరూ సోమరిపోతులయ్యారు, అందుకే చెనక్కాయకు కూలీలు దొరకడం లేదు. ఫలానా పార్టీ వచ్చినప్పటి నుంచి


నిర్వాహకుడు · సోమవారం ఉదయం 9:30

పై పోస్టులో మిగతా భాగం తీసేశాను. పార్టీల పేర్లతో తిట్టుకోవడానికి వేరే వేదికలు చాలా ఉన్నాయి.


సల్మియా అక్క · సోమవారం మధ్యాహ్నం 2:40

కొత్తపేట తమ్ముడూ, సోమరిపోతులు అనే మాట మీద ఒకటి చెప్తాను. మాది పీలేరు పక్కన. నేను 2009 నుంచి పదకొండేళ్లు కువైట్ సల్మియాలో ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) చేశాను. పోకముందు చెనక్కాయ పీకే కూలికి పోయేదాన్ని. అప్పటికి కరువు పని (ఉపాధి హామీ) వచ్చి మూడేళ్లయింది. 2006 ఫిబ్రవరిలో మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లెలోనే దాన్ని మొదలుపెట్టారు, రోజుకు 80 రూపాయలు. దాని తర్వాతే మా రెడ్డి ఆడవాళ్ల కూలి పెంచాడు, అంతకు ముందు అడిగితే 'రేపు రావొద్దు' అనేవాడు. 2025లో ఆ పనికే 307. నాలుగు వందలిచ్చి మధ్యాహ్నం అన్నం పెడితే ఇప్పటికీ వస్తారు, తక్కువకు రారు. దాన్ని సోమరితనం అంటారా?

పింఛను సంగతి కూడా. మా అమ్మకు మొదట్లో నెలకు 200 వచ్చేది, కోడలి చేతిలో పెట్టి ఊరుకునేది. 2024 జూలై నుంచి 4 వేలు, ఒకటో తేదీ ఇంటికే తెచ్చిస్తారు. ఇప్పుడు మా వదిన ఆమెను 'అత్తా, కాఫీ తాగుతావా' అని అడుగుతోంది. నేను కువైట్ నుంచి పంపిన డబ్బు ఆ మాట కొనలేకపోయింది.

డ్రైవరన్నా, నేను పంపిన డబ్బు ఎక్కడ పోయిందో నాకు తెలుసు. మేడ కట్టాం, టైల్స్ వేశాం. కూతురు బీటెక్ చదివి బెంగళూరులో, కొడుకు చెన్నైలో. మేడలో నేనూ, మా అమ్మా ఉంటాం, కింది గదిలోనే. మెట్లెక్కి పైకి పోయి నెలైంది.


బ్యాంకు పెద్దాయన · సోమవారం సాయంత్రం 5:15

మధ్యలో ఒక పనికొచ్చే మాట. భాకరాపేట బాబూ, శాశ్వతంగా వచ్చేశారు కాబట్టి ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశంలో ఉండేవాళ్ల ఖాతా) అట్లే ఉంచుకోకూడదు. బ్యాంకుకు పోయి తిరిగి వచ్చానని చెప్పి మామూలు రెసిడెంట్ ఖాతాగా మార్పించండి, లేదా విదేశీ కరెన్సీలోనే ఉంచాలనుకుంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవండి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఉంటే గడువు తీరేదాకా ఒప్పుకున్న వడ్డీ వస్తుంది, కానీ మీరు ఇక్కడి నివాసి అయ్యాక ఆ వడ్డీకి పన్ను లెక్క ఉంటుంది. ఆడిటర్‌ను ఒకసారి కలవండి. నా సర్వీసులో ఈ ఒక్క ముక్క తెలియక తర్వాత టెన్షన్ పడినవాళ్లను చాలామందిని చూశాను.

చేతిలో డబ్బు మూట ఉందని తెలిస్తే ఊర్లో చీటీలవాళ్లు, వెంచర్లవాళ్లు వస్తారు. ఆరు నెలలు ఎవరికీ ఊ కొట్టొద్దు.


కుప్పం ప్యాసింజర్ · సోమవారం రాత్రి 8:05

రైల్లో నుంచి రాస్తున్నాను, సిగ్నల్ పోతే క్షమించాలి. మా కుప్పంలో సగం మందికి కువైట్ అంటే బెంగళూరే. తెల్లవారుజామున రైలెక్కి, రాత్రికి ఇల్లు. మేస్త్రీలు, సెక్యూరిటీ గార్డులు, నాలాంటి డెలివరీ పిల్లలు. ఎక్కడో మిగిలిన నాలుగు గంటలు నిద్ర. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ నీళ్లు మా వైపు దాకా వచ్చాయి. శ్రీశైలం నీళ్లు కుప్పంలో చూస్తామని మా తాత అనుకోలేదు. వెయ్యి అడుగులు బోరు వేసి దుమ్ము చూసిన మా నాన్న కాలువ దగ్గరకు పోయి ఒక బాటిల్ నింపుకుని వచ్చాడు. తాగలేదు, దేవుడి గదిలో పెట్టాడు.

నీళ్లు వచ్చాయి కాబట్టి పని మానేసి రమ్మంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు.


భాకరాపేట డ్రైవర్ · మంగళవారం రాత్రి 10:30

అందరికీ విడివిడిగా జవాబు రాయలేను. పెద్దాయనా, రేపే బ్యాంకుకు పోతున్నాను. అలిపిరి తమ్ముడూ, కోపం ఏమీ లేదు, నువ్వన్నది నిజమే, నేను కొనలేకపోయాను గానీ కొనాలనుకున్నది మాత్రం రాళ్లు పాతి పోవడానికే.

పాల క్యాను అక్క మాట పట్టుకుని నిన్న రాత్రి మా ఆవిడను అడిగాను. 'నేను పంపిన డబ్బు నెలకు ఎంత ఇంట్లో ఖర్చయ్యేది' అని. ఆమె నవ్వి, బీరువా పైన బియ్యం సంచిలో నుంచి నోటు పుస్తకాలు దించింది. ఏడు. 2004 నుంచి ఉన్నాయి. నేను ఈ ఇంట్లోకి ఇన్నిసార్లు వచ్చి పోయాను, ఆ సంచి చూసినట్టే లేదు.

మొదటి పుస్తకంలో వీసాకు తెచ్చిన 60 వేల అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. అది తీరేసరికి రెండున్నరేళ్లు. తర్వాత మా చెల్లెలి పెళ్లి. తర్వాత మూడు బోర్లు: 400 అడుగులు, 700 అడుగులు, 1000 అడుగులు. మొదటి రెండూ ఎండిపోయాయి, మూడోది రెండేళ్లు పోసి నిలిచింది. తర్వాత ఇల్లు, నాయన ఆపరేషన్, పిల్లోడి కాలేజీ. నా దినార్ల పక్కన ప్రతి పేజీలోనూ ఇటువంటివే, పెద్దవి. ఉప్పు, పప్పు, గ్యాస్, పిల్లల నోటు పుస్తకాలు, బస్సు చార్జీలు నా లెక్కలో ఎక్కడా లేవు. 2009లో డ్వాక్రా అప్పుతో ఒక ఆవు కొనింది. అప్పటి నుంచి పది రోజులకు ఒక గీత, గీత కింద 'పాలు', దాని కింద ఇంటి ఖర్చు. పదహారేళ్లు. మేం తినింది అదే.

మూడో పుస్తకంలో 2010 పేజీ ఒకటి ఉంది. ఆ ఏడాది తుమ్మలగుంట స్థలం మళ్లీ అమ్మకానికి వచ్చిందంట. డ్వాక్రాలో ఇంకో అప్పు, తన గాజులు, పాల డబ్బు కలిపి పది అంకణాలు కొందామని ఫోన్‌లో నన్ను అడిగిందంట. నాకు గుర్తు లేదు. పేజీలో స్థలం ఖరీదు, రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ వేసి, కూడి, కింద 'ఆయన వద్దన్నారు' అని రాసి కొట్టేసింది.

మూడు నెలల కింద దిగి, మేం పంపకపోతే ఊరు ఏమయ్యేదో అని రాశాను. ఆ వాక్యం తీసేయడం ఎట్లాగో నిర్వాహకులు చెప్పగలరా?


నిర్వాహకుడు · మంగళవారం రాత్రి 10:52

ఇరవై నాలుగు గంటలు దాటితే మార్చడానికి కుదరదు. ఉండనివ్వండి.


పాల క్యాను · బుధవారం ఉదయం 5:40

అన్నా, ఆ ఏడు పుస్తకాలూ జాగ్రత్త. మా ఇంట్లో ఎలుకలు కొట్టేశాయి.

మరి ఇప్పుడు ఏం చేస్తారు? చేతిలో డబ్బుంది కదా, పది ఆవులతో షెడ్డు వేస్తామని అనొద్దు. కువైట్ నుంచి వచ్చినవాళ్లందరూ ముందు అదే అంటారు. ఉన్న ఆవుల దగ్గర ఒక ఏడాది పేడ తీసి అప్పుడు చెప్పండి.


భాకరాపేట డ్రైవర్ · బుధవారం రాత్రి 8:20

అక్కా, షెడ్డు అనే అనుకున్నాను, ఎట్లా కనిపెట్టారో. ఈ రోజు పొద్దున మా ఆవిడ బదులు నేను పోయాను పాలు పిండడానికి. పెద్దావు నన్ను చూసి తోక ఝాడించింది, పాలు చేపలేదు. చిన్నది చెంబు తన్నేసింది. 21 ఏళ్లు పజెరో తోలాను, ఆవు ముందు చేతకాలేదు.


పాల క్యాను · గురువారం ఉదయం 5:30

దానికి మీరు కొత్తమనిషి. మీ ఆవిడ పాత చీర ఒకటి భుజం మీద కప్పుకుని పోండి, ముందు దూడను వదలండి. ఎవరైనా నవ్వుతారని చూడొద్దు.


భాకరాపేట డ్రైవర్ · గురువారం ఉదయం 6:45

చీర కప్పుకునే పోయాను. పెద్దావు లీటరున్నర ఇచ్చింది. మిగతాది ఆమె వచ్చాకే ఇచ్చింది.